గడ్డి బండికి గంజి బొట్టు

పరాయి రాష్ట్రంలో, ఖటోదరా అనే మగ్గాల పేటలో మరమగ్గాలు బాగుచేసే సదానందానికి ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. "నాకు తెల్వదు" అనే మాట ఒక్కటే ఆ ఇరవై ఏళ్లలో ఆయన నోట రాలేదు. మగ్గం ఆగితే మగ్గం, పంకా ఆగితే పంకా, పక్కింటి పసిపిల్ల ఏడుపు ఆగకపోతే దానికి కూడా ఆయన సంచిలో ఒక పానా ఉండేది.

తొంభై ఆరులో ఆయన మగ్గాల యజమాని సేఠ్ తన బంగళా కోసం విదేశాల నుంచి ఒక గడ్డి కోసే బండి తెప్పించాడు. మనిషి ఎక్కి కూర్చుని తోలాలి. నాలుగు మేకలు తిరిగితే అయ్యే పనికి అంత బండి! దాన్ని తోలే పనిని సదానందం తన ఊరివాడైన బుచ్చిరాములుకు ఇప్పించాడు. పనితోపాటు బంగళా వెనక ఒక గది కూడా దొరికింది. అంతదాకా భేస్తాన్ పేటలో ఒకే గదిలో ఎనిమిది మంది మగవాళ్ల మధ్య పడుకున్న బుచ్చిరాములు, ఊరి నుంచి భార్య నర్సవ్వను తెచ్చుకుని ఆ గదిలో కాపురం పెట్టాడు. "సదన్న పెట్టిన బువ్వ" అని కనబడ్డ వాళ్లందరికీ చెప్పేవాడు. సదానందం వద్దనేవాడు కాదు.

దసరాకు యంత్రాలన్నిటికీ పూజ చేయడం మనవాళ్ల ఆనవాయితీ. అయితే మగ్గం అదురుకు బొట్టు గంటలో రాలిపోతుంది. అందుకని నూలుకు పట్టించే గంజిలో పసుపు కలిపి పెట్టడం సదానందం కనిపెట్టిన విద్య. ఆరిందంటే ఉలితో చెక్కాల్సిందే. ఆ ఏడు గడ్డి బండికీ తానే పూజ చేశాడు. దాని నుదురెక్కడో చాలాసేపు వెతికాడు. పెట్రోలు ట్యాంకు మూత గుండ్రంగా, ముచ్చటగా కనిపించింది. దాని నిండా గంజి పసుపు దట్టంగా మెత్తి, నడుమ కుంకుమ దిద్దాడు.

మర్నాటి నుంచి బండికి తిక్క పుట్టింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే లేచేది. పావుగంట నడిచి, వేడెక్కగానే ఆగిపోయేది. ఎంత తిప్పినా దగ్గేదే తప్ప లేచేది కాదు. గంట గడిస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు లేచేది. దీపావళికి సేఠ్ ఇంటికి రెండు వందల మంది చుట్టాలు రావాలి. గడ్డి చూస్తే మోకాలెత్తు. సేఠ్ సదానందాన్ని పిలిపించాడు.

సదానందం ప్లగ్గు విప్పాడు. నిప్పు బాగానే పడుతోంది. కార్బొరేటర్ ఊదాడు. ఇంజను మీద తడిగోనె కప్పాడు. బుచ్చిరాములు చేత గొడుగు పట్టించాడు. బండి కదల్లేదు. చివరికి ట్యాంకు మూత తీసి పెట్రోలు వాసన చూశాడు. మూత బిగించి తిప్పితే బండి లేచింది! పావుగంటకు ఆగింది. మళ్లీ వాసన చూశాడు, మళ్లీ లేచింది. ఇంకొకడైతే మూత సంగతి ఆలోచించేవాడు. సదానందం పెట్రోలు సంగతి ఆలోచించాడు.

"దీంట్ల కిర్సనాయిల్ కలిసింది సేఠ్" అన్నాడు.

సేఠ్ చూపు బుచ్చిరాములు గది వైపు తిరిగింది. నర్సవ్వ కిరసనాయిలు స్టవ్వు గడప పక్కనే ఉంది.

"నేనెందుకు కలుపుత అన్నా? మా అవ్వ తోడు!" అన్నాడు బుచ్చిరాములు.

"నేనేమన్న నీ పేరు చెప్పిన్నారా? ఉన్న మాట చెప్పిన" అన్నాడు సదానందం.

పెట్రోలు కాజేసి కిరసనాయిలు పోసిన దొంగను పోలీసులకు పట్టిస్తానని సేఠ్ ఎగిరాడు. తర్వాత చల్లబడి, రేపు మధ్యాహ్నానికల్లా గది ఖాళీ చేయమన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను చూశాం. మద్దెల మోసేవాడి కొంప కూల్చినవాడు సదానందమే.

మర్నాడు పొద్దున సేఠ్ దగ్గరుండి పాత పెట్రోలు పారబోయించి, కొత్తది పోయించి, తానే బండెక్కాడు. పావుగంటకు బండి ఆగింది. సదానందం ముందుకొచ్చి మూత తిప్పాడు. సుయ్యిమంటూ ట్యాంకు గాలిని లోపలికి పీల్చుకుంది. మూత తిరగేసి చూస్తే లోపలి వైపు సూదిమొనంత రంధ్రం. పైవైపు ఆ రంధ్రం లేదు. తన గంజి పసుపు ఉంది. పైనుంచి గాలి చొరబడకపోతే కిందికి పెట్రోలు దిగదు. నూనె డబ్బాకు రెండు బొక్కలు పొడిచే కిరాణా కొట్టువాడికి కూడా తెలిసిన సంగతే.

తేలు కుట్టిన దొంగలా సదానందం అటు తిరిగి, పిన్నీసుతో రంధ్రం పొడిచి, పసుపంతా గీకేశాడు. ఇక బండి ఆగింది లేదు. మధ్యాహ్నానికి గడ్డి అంతా చాపలా అయింది.

"ఏమైందిరా మిస్త్రీ దీనికి?" అని సేఠ్ హిందీలో అడిగాడు.

సదానందం నోరు తెరిచాడు. ఒక్క మాట చెబితే బుచ్చిరాములు గది బుచ్చిరాములుకు ఉండేది. తన ఇరవై ఏళ్ల పేరు గంజిలో కలిసేది.

"పైపుల జర కిర్సనాయిల్ మిగిలుండె సేఠ్. గిప్పుడు సాఫైంది" అని తనకు వచ్చిన హిందీలో చెప్పాడు.

సేఠ్ భుజం తట్టాడు. సదానందం సంచి సర్దుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి బుచ్చిరాములు నెత్తిన పెట్టెతో నిలబడి ఉన్నాడు. వెనక నర్సవ్వ చేతిలో స్టవ్వు. సదానందాన్ని చూడగానే బుచ్చిరాములు పెట్టె దించి, వంగి కాళ్లు మొక్కాడు.

"పోలీసులకు పట్టిస్తనన్న సేఠ్ ఊకున్నడంటె నువ్వే అడ్డం పడ్డవన్నట్టు. లేకుంటె నేను జైల్ల ఉంటుంటి. నీ మేలు మరువనన్నా" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

సదానందం వంగి అతన్ని లేపాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

"గదెంత తమ్మీ. మనోళ్లకు మనం గాకుంటె ఎవరు అడ్డం పడ్తరు?" అన్నాడు.