ఎదుటివాడి మాటను మిగిల్చినవాడు

తొలినాటి క్రైస్తవాన్ని తర్కంతో నిలదీసిన ఒక గ్రీకు విమర్శకుణ్ణి ఇరవై ఏళ్లుగా నా హేతువాద వ్యాసాల్లో ఉదహరిస్తూ వచ్చాను. అతని పుస్తకం మొత్తం చదివినట్టే రాసేవాణ్ణి. నిజానికి నాకు తెలిసినవి ఎవరో అచ్చువేసిన నాలుగు వాక్యాలే.

మణికొండలో మా అపార్ట్‌మెంట్‌వాళ్లం శనివారాలు కూర్చుని ఏదో ఒక విషయం చర్చించుకుంటాం. ఆ వారం మతంపై నా ప్రసంగం. దానికి ప్రాణం ఆ నాలుగు వాక్యాలే. రెండు రోజుల ముందు లిఫ్ట్ దగ్గర పై అంతస్తు అమ్మాయికి వాటిని వినిపించాను. రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది, ఆదివారం చర్చి మానదు.

"గా పుస్తకం జర ఇస్తరా అంకుల్?" అంది.

"నీ విశ్వాసం కదిలిపోతుందమ్మా, చూసుకో."

"నా విశ్వాసం ఫికర్ మీకెందుకు? సోర్స్ చూడకుండ నేనేదీ పాస్ చెయ్య."

ఇంటికెళ్లి వెతికాను. ఆ పుస్తకం ఎక్కడా లేదు. ఏనాడో నశించింది. అందులో మిగిలిందంతా, అలెగ్జాండ్రియాలో పుట్టిన ఒక క్రైస్తవ వేదాంతి దాన్ని ఖండిస్తూ రాసిన జవాబులో ఉంది. ఆయన తండ్రిని మతం కారణంగా చంపారు. ముసలితనంలో ఆయన్నూ జైల్లో హింసించారు. ఆయన పోయిన చాలాకాలానికి సొంత మతంవాళ్లే ఆయన బోధ మతవిరుద్ధం అన్నారు, ఆయన రాతల్లో చాలావరకు నాశనమయ్యాయి. ఈ జవాబు మాత్రం నిలిచింది. అందులో ఆయన ఎదుటివాడి మాటల్ని ముక్కముక్కగా ఎత్తిరాసి, ఆ తర్వాతే బదులిచ్చాడు.

అది పూర్వపక్షం. మా వాదసభల్లో మొదట నేర్పేది అదే: ఎదుటివాడి వాదాన్ని అతను ఒప్పుకునేంత నిజాయితీగా చెప్పాలి, తర్వాతే ఖండించాలి. పేరొచ్చాక నేను దాన్ని ఒక్క ఎగతాళి వాక్యానికి కుదించేశాను. నేను నమ్మని దేవుణ్ణి నమ్మిన మనిషి నా పక్షంవాడి గొంతును నా దాకా చేర్చాడు. హేతువాదిగా నేను ఆయనకు రుణపడినంతగా ఇంకెవరికీ రుణపడలేదు.

మర్నాడు ఆ అమ్మాయిని అడిగాను, ఎందుకు నమ్ముతావని. అరగంట చెప్పింది, రాసుకున్నాను.

శనివారం ముందుగా నా తప్పు ఒప్పుకున్నాను. తర్వాత ఆమె వాదాన్ని అందరికీ చదివి, "ఇంతేగా నువ్వన్నది?" అని అడిగాను.

"సగమే అంకుల్. మీరు కూసోండి ఇగ, మిగిలింది నేను చెప్త."

అందరూ నవ్వారు. రాసి తెచ్చుకున్న ఖండన కాగితాలు మడిచి కూర్చున్నాను.