కెప్టెన్ హకాలా అప్పగింతలు

కెనడాలో మా ఊరు థండర్ బేలో ఆర్వి హకాలా పేరెత్తితే సగం మంది మొండిఘటం అంటారు, మిగతా సగం మంది ద్రోహి అంటారు. రెండు పక్షాల కోపమూ కరోనా టీకా గురించే. ఆయన పక్క సీట్లో ఏళ్ళ తరబడి కూర్చున్న కో-పైలట్‌ని నేను. నా పేరు మొయిరా. ఆయన కథ తెలియనివాళ్ళు చెబుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే నేనే చెబుతాను.

మాది రెండు పంకాల చిన్న విమానం. రోడ్డు లేని ఉత్తరాది ఊళ్ళకి పాలు, బంగాళాదుంపలు, మంచుబళ్ళ విడిభాగాలు మోసుకుపోతాం. కాన్పుకి ఇక్కడికి వచ్చి చంటిబిడ్డతో తిరిగి వెళ్ళే తల్లులు కూడా మా విమానమే ఎక్కుతారు. పొద్దున్నే బయల్దేరితే పెద్ద సరస్సు మీద పొగమంచు మీగడ కట్టినట్టు ఉండేది. దాన్ని చీల్చుకుని పైకి వస్తే ఒక్కసారిగా ఎండ. ఆ ఎండలో ఆర్వి ఫ్లాస్కు మూత తీసేవాడు. కాఫీ వాసనా, ఆయన భార్య లెంపి ఏలకులు దంచి వేసి చేసిన రొట్టె వాసనా కలిసి వచ్చేవి. కింద చెరువులు, చెరువుల మధ్య అడవి, అడవి మధ్య మళ్ళీ చెరువులు. మా విమానం నీడ ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి దూకుతూ మాతోపాటే వచ్చేది. దాన్ని చూస్తూ ఆయన ఏదో ఫిన్లాండ్ పాట గొణుక్కునేవాడు.

"దానికి అర్థమేంటి కెప్టెన్ గారూ?" అని ఒకసారి అడిగాను.

"నాకేం తెలుసమ్మాయ్? మా అమ్మమ్మకి తెలుసు. ఆవిడ చెప్పకుండానే పోయింది."

అలా అర్థం తెలియని పాట వింటూ, నిద్రో మెలకువో తెలియని హాయిలో, ఎన్నో ఉదయాలు గడిచాయి. ఇప్పటికీ కలలో నాకు ఆ చెరువులే కనిపిస్తాయి. కలలో కూడా ఆయన కుడిపక్కనే కూర్చుంటాను.

మా పనిలో ఒక ఆచారం ఉంది. విమానం ఎవరి చేతిలో ఉందో పైకి అనాలి. ఇచ్చేవాళ్ళు "నీ చేతికి" అంటారు. అందుకునేవాళ్ళు "నా చేతికి" అంటారు. ఇచ్చినవాళ్ళు మళ్ళీ "నీ చేతికే" అని ఖాయం చేస్తారు. ఈ అప్పగింత పూర్తయ్యేదాకా ఎవరూ చెయ్యి తీయరు. ఎదుటివాళ్ళే నడుపుతున్నారని ఇద్దరూ అనుకుంటే ఇక నడిపేది గాలే. ఇంకో అలవాటు కూడా ఉంది. పోయేటప్పుడు ఒకరు దింపితే వచ్చేటప్పుడు ఇంకొకరు దింపుతారు.

2021లో, మంచు కరిగే రోజుల్లో ఆ వంతు తప్పింది.

"నీ చేతికి, అమ్మాయ్," అన్నాడు ఆర్వి, కంకర రన్‌వే కనిపించగానే.

"ఇది మీ వంతు కదా!"

"కెప్టెన్ కావాలనుకునేదానివి వంతులు లెక్కపెడతావా? పట్టుకో."

"నా చేతికి."

"నీ చేతికే. వెనకాల కోడిగుడ్లున్నాయి, చూసుకో మరి."

ఆ రోజు మొదలు దింపడం నా పనే అయింది. అడ్డగాలి వీచినా, వాన కొట్టినా నాకే ఇచ్చేవాడు. మనిషిది పొగిడే నోరు కాదు. చక్రాలు నేలకి తగిలాక ఒకే మాట అనేవాడు: "గుడ్లు బతికాయి." ఆ మాట విన్న రోజున నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు. ఇంత పెద్ద పైలట్ తన వంతు కూడా నాకిచ్చి నన్ను తీర్చిదిద్దుతున్నాడని మురిసిపోయాను. మా నాన్న నాకు తన ట్రాక్టరు కూడా ఇచ్చి ఎరగడు.

ఆ అక్టోబరులో ప్రభుత్వం హుకుం వచ్చింది. విమానాల్లో పనిచేసేవాళ్ళందరూ టీకా వేయించుకున్నట్టు చూపించాలి, లేదంటే జీతం లేని సెలవు. నేను చూపించాను. ఆర్వి మేనేజరు గదిలోకి వెళ్ళి "చూపించను" అని ఒక్క ముక్క చెప్పి బయటికి వచ్చి, తన టోపీ, ఫ్లాస్కు సర్దుకున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పార్కింగులో ఆయన్ని ఆపేశాను.

"మీకేమైనా మతిపోయిందా? ఒక్క సూది! చంటిపిల్లలకి పొడిపిస్తాం సూదులు!"

"వాళ్ళని అమ్మలు పట్టుకుంటారుగా. నన్నెవరు పట్టుకుంటారు?"

"నేను పట్టుకుంటా, పదండి!"

ఆయన నవ్వాడు. కారు తలుపు గట్టిగా పట్టుకుని, నిలబడ్డ చోట కదలకుండా నవ్వాడు. "పొగమంచులో తొందరపడకు," అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ చలికాలమంతా ఇంకో కెప్టెన్ పక్కన కూర్చున్నాను. ఈయన పాటలు పాడడు, ఎప్పుడూ బీన్స్ డబ్బాల గురించి మాట్లాడతాడు.

టీకా వద్దనేవాళ్ళు ఆర్విని నెత్తికెత్తుకున్నారు. సభలో మాట్లాడాలంటూ జెండాలు కట్టుకుని ఇంటిముందుకు వచ్చారు. ఆయన పెరట్లోని ఆవిరిస్నానం గదిలో దూరాడు. లెంపి గుమ్మంలోకి వచ్చి, "ఒళ్ళు కడుక్కుంటున్నాడు," అంది. చాలాసేపు ఆగి అడిగినా అదే మాట.

"ఎంత మురికుందమ్మా ఆయనకి?" అన్నాడట ఒకడు.

"ఫిన్లాండ్ వాళ్ళం నాయనా, మాకు తొందరుండదు," అని తలుపేసుకుందట లెంపి.

ఫిబ్రవరిలో ఆర్వి ఇంటిముందు మంచు ఎత్తిపోస్తూ పడిపోయాడు. చెవి లోపలి జబ్బు అన్నారు డాక్టర్లు. వచ్చినప్పుడు నిలబడ్డ నేలే గిర్రున తిరుగుతుంది, ఒక చెవిలో హోరు పుడుతుంది. పూర్తిగా పోదు, ఎప్పుడొస్తుందో చెప్పలేం. అలాంటివాళ్ళకి విమానం నడిపే అర్హత ఉండదు. వేసవిలో హుకుం ఎత్తేసి అందర్నీ వెనక్కి పిలిచారు. అందరూ వచ్చారు, ఆర్వి తప్ప.

ఉద్యోగంలో ఉండగా పనిచేయలేని జబ్బు వస్తే మాకు బీమా కంపెనీ నెలనెలా భృతి ఇవ్వాలి. ఆర్వి అడిగాడు. వాళ్ళు కాదన్నారు. "జబ్బు బయటపడేనాటికి మీరు పనిలో లేరు. టీకా వద్దని మీ అంతట మీరే ఇంట్లో కూర్చున్నారు," అన్నారు. భృతి లేకపోతే సరస్సు ఒడ్డున ఆయన దుంగ మీద దుంగ పేర్చి కట్టుకున్న ఇల్లు అమ్ముకోవాల్సిందే. నేను చూడ్డానికి వెళ్ళేసరికి లెంపి పింగాణీ కప్పుల్ని పాత పేపర్లలో చుట్టి పెట్టెలో పెడుతోంది. కాఫీ గాజు సీసాలో పోసిచ్చింది.

పైలట్ల సంఘం ఈ తగువుని మధ్యవర్తి ముందుకు తెచ్చింది. ఒక హోటల్ గది, గులాబీ రంగు పూత పూసిన బన్నుల పళ్ళెం, మెడలో కళ్ళజోడు వేలాడదీసుకున్న పెద్దావిడ. ఆవిడే మధ్యవర్తి. సంఘం లాయరు నన్ను సాక్షిగా పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెబితే చాలన్నాడు. ఆర్వి గొప్ప పైలట్ అని చెప్పాలి కాబోలనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

"హుకుం రాకముందు, 2021 వేసవిలో మీ విమానాన్ని దింపిందెవరు?" అని అడిగాడు మా లాయరు.

"నేనే," అన్నాను, నిటారుగా కూర్చుని.

"అన్నిసార్లూ?"

"అన్నిసార్లూ నేనే."

"అంతకుముందు?"

"వంతులుండేవి. మంచు కరిగే రోజుల్లో మానేశాం. ఆయన నాకు నేర్పాలని..."

ఆర్వి వైపు చూశాను. ఆయన బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు, ఆ రోజు కారు తలుపు పట్టుకున్నట్టే. మలుపు తిరిగేటప్పుడు ఆయన తల కదపకుండా కళ్ళు మాత్రమే తిప్పడం గుర్తొచ్చింది. ఆ వేసవిలో పాట ఆగిపోవడం గుర్తొచ్చింది. నేను దింపుతున్నాను కదా, నా మీద ధ్యాస పెట్టాడనుకున్నాను.

"నేర్పుతున్నారనుకున్నాను," అన్నాను. నా గొంతు నాకే పసిపిల్ల గొంతులా వినిపించింది. అంత సిగ్గు, అంత దుఃఖం నేనెప్పుడూ పడలేదు.

తర్వాత ఆర్విని సాక్షి కుర్చీలో కూర్చోబెట్టారు. బీమా కంపెనీ లాయరు అడిగాడు: "అప్పుడే జబ్బుంటే డాక్టరుకి ఎందుకు చెప్పలేదు?"

"పైలట్లు డాక్టరుకి నిజం చెబుతారా బాబూ? ఒకసారి దించేస్తే మళ్ళీ ఎక్కనివ్వరు. విశ్రాంతి తీసుకుంటే పోతుందనుకున్నా. ముందు దింపడం మానేశా. అదీ చాలదని సెప్టెంబరులో తెలిసింది. విమానం తిన్నగానే ఉంది, ఆకాశం ఒరిగిపోయింది. ఎలా దిగిపోవాలా అనుకుంటుంటే హుకుం వచ్చింది. మొండివాణ్ణని ఇంటికి పంపుతారు, చెవి కుదిరాక తిరిగొస్తా అనుకున్నా. మొండివాణ్ణి వెనక్కి పిలుస్తారు, జబ్బువాణ్ణి పిలవరు."

"మరి టీకా మీద మీ అభ్యంతరం?"

"అభ్యంతరమేముంది? ఆ మే నెలలోనే వేయించుకున్నా. నేనూ మా ఆవిడా హాకీ మైదానంలో వరసలో నిలబడి."

మధ్యవర్తి చేతిలోని బన్ను నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"సూది చూసి కళ్ళు మూసుకున్నాడు కూడా," అంది లెంపి వెనక నుంచి, ఎవరూ అడక్కుండానే.

బయటికి వచ్చాక ఆర్వి నా కోసం ఆగాడు. నేను ఆగలేదు. ఆయన పరువు పోయిందని బాధ, నా మురిపెం పోయిందని కోపం. ఏది ఎక్కువో తెలియక కారెక్కి ఏడ్చాను.

సరస్సు మీద మంచు కరిగాక తీర్పు వచ్చింది. పని వదిలేనాటికే ఆయన జబ్బుమనిషి కాబట్టి భృతి ఇచ్చి తీరాలన్నారు. ప్రయాణికులు వెనకాల ఉండగా జబ్బు దాచినందుకు అందులోనే గట్టిగా చీవాట్లు పెట్టారు. ఆ చీవాట్లు న్యాయమే. ఊళ్ళో ఒక ముఠాకి ఆయన ద్రోహి అయ్యాడు, రెండో ముఠా ఎప్పటిలాగే మొండిఘటం అంది. లెంపి మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా కప్పులు విప్పి అరలో పెట్టుకుంది. ఈసారి నాకు కప్పులోనే కాఫీ ఇచ్చి, "పెరట్లో ఉన్నాడు, తీసుకుపో," అంది.

నీళ్ళ మీద దిగే చిన్న విమానం నా సొంతది ఒకటుంది. ఆర్విని అందులో కూర్చోబెట్టుకుని లేచాను. గాలి ఊపిరి బిగబట్టినట్టు ఉంది. కింద చెరువులు, వాటిలో మా నీడ. ఎత్తు అందుకున్నాక అన్నాను: "మీ చేతికి, కెప్టెన్ గారూ."

ఆయన చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి. "వద్దమ్మాయ్. బాగానే ఉంది ఇలా."

"అయితే నాకు నేర్పలేదన్నమాట. కళ్ళు తిరిగి ఇచ్చారు."

"కళ్ళు తిరిగే ఇచ్చా."

"గుడ్లు బతికాయన్నది?"

"గుడ్లు నిజంగానే బతికాయిగా." ఆయన కాసేపు నీడని చూశాడు. "కళ్ళు మూసుకుంటే తిరగడం కాస్త తగ్గుతుంది. కానీ దిగేటప్పుడు ఏ పైలటూ పక్కవాణ్ణి నమ్మి కళ్ళు మూసుకోడు. నేనూ మూసుకోలేదు, ఎంతమంది పక్కన కూర్చున్నా. ఆ వేసవిలో మూసుకున్నా, నీ పక్కన."

ఇంటి ముందు నీళ్ళు కనిపించాయి. దిగడం మొదలుపెట్టి ఓరగా చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదాల మీద ఆ అర్థం తెలియని పాట కదులుతోంది. నీళ్ళని తాకాం, నురగ లేచి అణిగింది, ఒడ్డు దగ్గరికి జారుకుంటూ వెళ్ళాం. రేవు మీద లెంపి తాడు పట్టుకుని నిలబడి ఉంది.

"దిగామా అమ్మాయ్?" అన్నాడు ఆర్వి, కళ్ళు తెరవకుండానే.