ఎడ్నమ్మగారి అన్నం బకెట్టు

బిగిసిపోయిన అల్యూమినియం మూతను తిప్పి తీస్తే ముందు కీచుమంటుంది, తర్వాత లోపల పట్టి ఉంచిన ఊపిరి వదిలినట్టు చిన్న చప్పుడు చేస్తుంది. మొన్న అక్టోబరులో ఆ చప్పుడు మళ్లీ విన్నాను. పెన్సిల్వేనియా పడమటి కొండల్లో, ఒకప్పుడు బొగ్గుగనులతో బతికిన ఊళ్లో, పాతసామాన్ల కొట్టది. ఊరి పేరు రాయను, ఇంకా అక్కడ ఉంటున్న కొద్దిమందికి నచ్చకపోవచ్చు. కొట్టతను గుండ్రటి డబ్బా మూత తీసి, "ఈమధ్య వీటిల్లో పూలు పెట్టుకుంటున్నారు మేడం" అన్నాడు. తడి లోహం, పాత కాఫీ కలిసిన వాసన వచ్చింది.

నాకు ఎనభై. మనవరాలు నీనా నన్ను మేముండే నేపర్‌విల్ నుంచి న్యూజెర్సీలో ఒక పెళ్లికి డ్రైవ్ చేసి తీసుకెళ్తోంది. హైవే దిగి నలభై మైళ్లు పక్కకు వెళ్దామన్నది నేనే. వెళ్లాక చూస్తే నేను పనిచేసిన ఆస్పత్రి లేదు, ఆ జాగాలో నడుమెత్తు గడ్డి. చర్చి బోర్డుమీద అక్షరాలు రెండు ఊడిపోయాయి. నేనున్న వీధిలో ఇళ్లకు కిటికీల బదులు చెక్కలు కొట్టి ఉన్నాయి. ఎడ్నమ్మగారి ఇల్లు ఉండాల్సిన చోట మూడు సిమెంటు మెట్లు మిగిలాయి. అవి ఎక్కితే ఎక్కడికీ వెళ్లం.

"అమ్మమ్మా, ఇక్కడ ఎవరూ లేరు. సిగ్నల్ కూడా లేదు."

"నేనున్నప్పుడు ఇక్కడ నాలుగు బేకరీలు, రెండు సినిమా హాళ్లు ఉండేవి."

"ఓకే, ఓకే. స్టార్ట్ అయింది నీ లెక్క."

గుంటూరులో నర్సింగు చదివి ఆ ఊరి ఆస్పత్రికి వచ్చేనాటికి నాకు ఇరవై ఆరు. నా భర్తకు వీసా వచ్చేదాకా రెండేళ్లూ ఎడ్నమ్మగారి మేడమీది గదిలో అద్దెకున్నాను. ఆవిడ అసలు పేరు ఎడ్నా. పొడుగ్గా, ఎముకలు తేలి, నవ్వేముందు ఒకసారి ఆలోచించుకునే మనిషి. భర్త ముప్పై ఏళ్లు గనిలో పనిచేసి, బొగ్గుధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని పోయాడు. సుగుణ అనడానికి నోరు తిరగక నన్ను 'షుగర్' అనేది. పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నా నోరు రాక నేను 'ఎడ్నమ్మగారూ' అనేదాన్ని. అంత పొడుగు పేరు తనకు బాప్టిజంలో కూడా ఎవరూ పెట్టలేదనేది.

మొదటివారం నేను డ్యూటీకి వెళ్తుంటే భర్త వాడిన అన్నం బకెట్టు చేతికిచ్చింది. గనివాళ్లందరిదీ అదే తీరు: అడుగున తాగే నీళ్లు, పైన గిన్నెలో తిండి, ఆపైన మూత. మధ్యాహ్నం అంతా తినేశాను. మెతుకు వదలకూడదని పెరిగినదాన్ని. తళతళలాడేలా తోమి సాయంత్రం తెచ్చిచ్చాను. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగివ్వకూడదని మా అమ్మ చెప్పేది గాని, అమెరికాలో ఆ పట్టింపు ఎవరికుంటుందిలే అనుకున్నాను. ఆవిడ బకెట్టు అందుకుంది. బరువు లేదని తెలిసినట్టుంది, ఆగింది. మూత తీసింది. కీచుమన్న ఆ చప్పుడు తర్వాత ఆవిడ మొహంలో నెత్తురు లేదు.

"అంతా తిన్నావా?"

"ఒక్క మెతుకు మిగల్చలేదండీ" అన్నాను, మెచ్చుకుంటుందని.

కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఈ ఇంటికి బకెట్టు ఖాళీగా రాకూడదు షుగర్. ఒక ముక్క మిగల్చాలి. ఎప్పుడూ." ఆ పద్ధతి ఎందుకో చెప్పింది. గనిలో దిగినవాడు ఆఖరి ముద్ద తినడు. పైకప్పు కూలితే, బయటివాళ్లు తవ్వుకుంటూ వచ్చేదాకా అదే ఆధారం. క్షేమంగా పైకొస్తే ఆ ముద్ద పిల్లలది. వీధి చివర కాచుకుని ఉండి నాన్న చేతిలో బకెట్టు లాక్కుని తినేవాళ్లు. బొగ్గువాసన పట్టిన ఆ రొట్టెముక్కకు సాటి కేకు లేదనేవాళ్లట. మర్నాటినుంచి నేనూ ఒక ముక్క మిగిల్చి తెచ్చాను. ఆవిడ మూత తీసి, చూసి, తలాడించేది.

వంటింట్లో అందరికంటే పై అరలో మరో బకెట్టు ఉండేది, మూతపెట్టి. దానికింద గోడమీద ఒక కుర్రాడి ఫొటో. "మా అబ్బాయి. రే" అంది ఒకరోజు. నాకు నవ్వాగలేదు. మావైపు తల్లులు ప్రతి కొడుకునీ 'ఒరే', 'రే' అనే కేకేస్తారని చెప్పాను. "అయితే మీ దేశం నిండా మావాడేనన్నమాట" అంది. నవ్వింది కూడా. ఆ నవ్వు ఇంకా పోకుండానే మిగతాది చెప్పింది. ఇరవై రెండేళ్లవాడు. షిఫ్టులో దిగిన గంటకు పైకప్పు కూలింది. తొమ్మిదోరోజుకు గాని తియ్యలేకపోయారు. గని సూపరింటెండెంటు టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఆ క్షణంలోనే పోయాడమ్మా, బాధ తెలియలేదు" అన్నాడు. పాస్టరూ అదే అన్నాడు. ఇరుగుపొరుగు అంతా అదే. "బకెట్టు మాత్రం వాడి పక్కనే దొరికిందని తెచ్చిచ్చారు" అంటూ పై అర వైపు చూసింది.

నేను ఊరు వదిలే ముందు, ఆగస్టులో ఒక మధ్యాహ్నం, ఇద్దరం వరండాలో చిక్కుళ్లకు ఈనెలు తీస్తున్నాం. ఉన్నట్టుండి లోపలికి వెళ్లి పై అరలో బకెట్టు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"తియ్యి. వాళ్లు తెచ్చిచ్చినప్పుడూ ఇలాగే ఉంది. నేను కడగలేదు, ఎవర్నీ కడగనివ్వలేదు."

తీశాను. అడుగున నీళ్లు లేవు. గిన్నెలో ఏమీ లేదు. మిగల్చాల్సిన ముక్క కూడా లేదు.

"నువ్వు నర్సువి. లెక్కంటే నీకు ప్రాణం" అంది. "కూలింది పొద్దున. వాళ్లు తినేది మధ్యాహ్నం. ఎంతసేపున్నాడు షుగర్?"

సూపరింటెండెంటు మాట నా నోట్లోనూ సిద్ధంగా ఉంది. మా వృత్తిలో అది అందరి నోట్లోనూ ఉంటుంది. కాని ఒళ్లో బకెట్టు ఉండగా ఆ మాట రాలేదు. "ఎంతసేపో నాకు తెలియదు" అన్నాను. "అక్కడ గాలి ఎంతుందో తెలియకుండా ఎవరూ చెప్పలేరు. కాని ఆ క్షణంలో పోలేదు. తిన్నాడు."

"ఆఖరిది కూడా?"

"ఆఖరిది కూడా."

ఆఖరి ముద్ద తిన్నాడంటే, ఇక ఎవరూ రారని వాడికి అర్థమైందన్నమాట. అది నేను అనలేదు. అనక్కర్లేదు, గనివాళ్ల ఇంటి మనిషి ఆవిడ. చేతిలో చిక్కుడుకాయను పుటుక్కున విరిచింది.

"అయితే నా బిడ్డ ఆకలితో పోలేదు" అంది.

ఏడవలేదు. గిన్నెడు చిక్కుళ్లకూ ఈనెలు తీయడం పూర్తిచేసి లేచింది. లోపలికి వెళ్తూ, "ఇన్నాళ్లూ తెలియనివాళ్లంతా తెలుసన్నారు" అంది. నాకు వీపు చూపిస్తూనే అంది.

ఆవిడ పోయిన సంగతి, నేను పంపిన క్రిస్మస్ కార్డు తిరిగొచ్చినప్పుడు తెలిసింది. ఆ తర్వాత నేను ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో పనిచేశాను. "బాధపడ్డారా సిస్టర్?" అని ఎంతమంది అడిగారో. చూసినది చెప్పాను, చూడనిది చూడలేదన్నాను. నా మీద కోప్పడినవాళ్లున్నారు, నేను రాతిమనిషినన్నవాళ్లున్నారు. వాళ్లది తప్పని ఇప్పటికీ అనలేను.

"ఆ డబ్బా కొందామా అమ్మమ్మా?" అంది నీనా కొట్లో. వద్దన్నాను. కారెక్కాక ఇదంతా చెప్పాను. హైవే దగ్గరకు వచ్చి పెట్రోలు కోసం ఆపినప్పుడు నీనా వెనకసీటులోంచి నా పులిహోర డబ్బా తీసి మూత తెరిచింది. చిన్నప్పటినుంచీ దానికి అలవాటు. నేను డ్యూటీనుంచి రాగానే ఆఖరి ముద్ద కోసం సంచీలో చెయ్యి పెట్టి డబ్బా వెతికేది. నేను ఎందుకు మిగులుస్తానో అది అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆరోజు మాత్రం మూలనున్న ముద్ద వైపు చూస్తూ దాని చెయ్యి ఆగిపోయింది.

"ఇది... నేను తినేయనా?"

"తిను తల్లీ" అన్నాను. "క్షేమంగా పైకి వచ్చేశాం కదా."