రొయ్యల వాసన అనుకున్నాను

సరుకు రాక మా ప్లాంటు నాలుగు రోజులు మూతపడిన వారం అది. నాలుగో రోజు ఆదివారం. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని చర్చికి వెళ్ళాను. ప్రార్థనకు మోకరించగానే నా దగ్గర్నుంచే నాకు నీచు వాసన కొట్టింది. పక్కనున్నవాళ్ళు ముక్కు మూసుకున్నారేమోనని కళ్ళు తెరిచి చూశాను. ప్రార్థన అయ్యాక ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వచ్చేశాను.

నేను బందరు దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజర్ని. తలలు తీసి పొట్టు ఒలిచే ఆడవాళ్ళ మీద అజమాయిషీ నాది. మా ఆయన ఐసు పెట్టెల వ్యానులో కృత్తివెన్ను వైపు చెరువుల నుంచి సరుకు తెస్తాడు. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయ్యాక కూడా బావ అనే పిలుస్తాను. ఇద్దరి బట్టలూ ఒకే బకెట్లో నానతాయి. మా ఇంట్లో నీచు వాసన వచ్చిందంటే ఎవరూ పట్టించుకోరు. అందుకే నాలుగు రోజులు రొయ్యని ముట్టని మనిషి దగ్గర ఆ వాసన ఎందుకుందన్న అనుమానం నాకు రాలేదు. పని వాసన ఒంటికి పట్టేసింది అనుకున్నాను.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో మా పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచి, "కలిసిన ప్రతిసారీ లోపలిదాకా కడుక్కోవాలే, లేకపోతే రోగాలొస్తాయి" అని చెప్పింది. పన్నెండేళ్ళు సబ్బు పెట్టి కడిగాను. బావ దగ్గరికి తీసుకున్నప్పుడు ఒంట్లో ఊరే తడి కూడా నా కంటికి రోగంలాగే కనిపించేది. ఛీ అనుకుని లేచి బాత్రూంకి పరిగెత్తేదాన్ని. ఆయన ఏదో చెప్పబోతూ ఉండేవాడు, నేను నీళ్ళు పోసుకుంటూ ఉండేదాన్ని.

ఇక మా ప్లాంటు పద్ధతి సంగతి. క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచనిదే ఎవర్నీ లోపలికి రానివ్వం. బూట్లు కూడా ముంచాల్సిందే. "ముంచావా?" అని రోజంతా అడిగేది నేనే. క్లోరిన్ తగిలితే క్రిమి బతకదని కొత్తవాళ్ళకు పాఠం చెప్పేదీ నేనే. ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్న బ్లీచింగ్ పౌడర్ మగ్గు నీళ్ళలో కలిపి, పైకి తేరిన నీళ్ళతో కడుక్కున్నాను. మంట పుట్టింది. మంట పుడితే శుభ్రపడినట్టే అనుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తుంటే నా మీద నాకే కంపరం కలుగుతోంది.

రెండు రోజులు వాసన లేదు. మూడో రోజు మళ్ళీ వచ్చింది, ముందుకంటే ఎక్కువగా. మళ్ళీ కడిగాను. ఇలా మూడు వారాలు గడిచేసరికి తెల్లబట్ట, దురద, ఒంటికి వెళ్తే కోసినట్టు మంట. మా వీధిలో సూది మందు వేసే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళాను. బెంచీ మీద నలుగురు మగవాళ్ళు కూర్చుని ఉండగానే, "మీ ఆయన రోజూ దగ్గరికొస్తాడా?" అని అడిగాడు. అడుగుతూ నవ్వాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? వేడి చేసిందన్నాడు, సబ్జా నీళ్ళు తాగమన్నాడు, చూడకుండానే ఏవో బిళ్ళలు ఇచ్చాడు. 

ఆ తర్వాత బావతో కలవడమే గండమైంది. మొదట నొప్పి. తర్వాత్తర్వాత ఆయన భుజం మీద చెయ్యి వేసినా తొడలు బిగుసుకుపోయేవి. నేను బిగించడం లేదు, అవే బిగుసుకుంటున్నాయి. నిద్ర పోయింది, తలనొప్పి పట్టుకుంది, బీపీ ఎక్కువుందని ప్లాంటు హెల్త్ చెకప్‌లో రాశారు. ఒకరోజు అన్నం తింటూ బావ అడిగాడు.

"నేనంటే రోత పుట్టిందేంటే నీకు?"

"నువ్వంటే కాదు."

"మరి ఎవరంటే?"

 నేనంటే నాకే అని ఎలా చెప్పను? ఆయన కంచం తీసి లేచాడు. ఆ వారం నుంచి దివిసీమ లోడ్లన్నీ తనే ఒప్పుకుని, ఇంటి పట్టున ఉండడం మానేశాడు. మొగుడు చేజారిపోతున్నాడని తెలుస్తూనే ఉంది. ఆ భయంతోనే బందరులో లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను.

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరవకూడదంటారు. లోపల చూడ్డానికి స్పెక్యులమ్ అనే పరికరం పెట్టినప్పుడు మాత్రం బల్ల అంచు పట్టుకుని కేక పెట్టాను. ఆవిడ ఆగి, నెమ్మదిగా మళ్ళీ చూశారు. దూదిపుల్లతో స్వాబ్ తీశారు, ఆమ్లం ఎంతుందో పీహెచ్ పేపర్ పెట్టి చూశారు.

"దేంతో కడుగుతున్నారమ్మా?"

"నీళ్ళతోనే మేడం."

ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి రాసుకున్నారు. రిపోర్టు వచ్చాక, "వాసన వస్తోందని అన్నారు కదా. అది మీ రొయ్యలది కాదు. బ్యాక్టీరియల్ వజైనోసిస్ అనే ఇన్ఫెక్షన్. దాని వాసనే నీచు నీచుగా ఉంటుంది" అన్నారు. ఊళ్ళో అందరి దగ్గరా నీచు వాసనే, ఇక నా రోగాన్ని ఎవరు పట్టుకుంటారు? మెట్రోనిడజోల్ కోర్సు రాశారు. వారంలో వాసన పోయింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఒక సాయంత్రం బావ కొంచెం చనువుగా పక్కన కూర్చున్నాడు. ఒంట్లో తడి తెలిసింది. రోగం తిరగబెట్టిందనుకుని తెల్లారాక మళ్ళీ ఆ మగ్గే ఎత్తాను. ఈసారి ఎక్కువ కలిపాను. మధ్యాహ్నానికి రక్తపు మరకలు. ఆటోలో ఒక పక్కకి ఒరిగి కూర్చుని ఆస్పత్రికి వెళ్ళాను.

"ఇది ఇన్ఫెక్షన్ కాదు, కెమికల్ బర్న్. ఏం పోస్తున్నారో చెప్పండి" అన్నారు డాక్టరమ్మ. ఈసారి కోపంగానే అన్నారు.

చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేశారు.

"డ్రైనేజీలో చల్లే దాన్నా?"

 ఆవిడ కాసేపటికి శాంతించి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. లోపల ల్యాక్టోబాసిలస్ అని మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుందట. లోపలి శుభ్రం అదే చూసుకుంటుందట. సబ్బుతో, క్లోరిన్‌తో నేను చంపింది దాన్ని. కాపలా పోయాక చెడ్డ బ్యాక్టీరియా పెరిగింది.

"ఇంకో మాట. భర్త దగ్గరికి తీసుకున్నప్పుడు వచ్చే తడి రోగం కాదు. ఇష్టం కలిగితే అక్కడికి రక్తం ఎక్కువగా వెళ్తుంది, తడి ఊరుతుంది, కండరాలు వదులవుతాయి. నొప్పి పుట్టకుండా ఒళ్ళు చేసుకునే ఏర్పాటు అది. మీరు దాన్నే కడిగి పారేశారు. నొప్పి, భయం, అసహ్యం ఉన్నచోట అదే ఒళ్ళు బిగుసుకుంటుంది. దాన్ని వజైనిస్మస్ అంటాం. నయమవుతుంది. ఈసారి మీ ఆయన్ని తీసుకురండి."

పన్నెండేళ్ళు నేను అసహ్యించుకున్నది నా ఒంటి ఆరోగ్యాన్ని. ఆ మాట విన్నాక ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పెద్దమ్మ మీద, ఆర్‌ఎంపీ మీద, ఆడవాళ్ళ ఒంటి పాఠం చెప్పడానికి సిగ్గుపడి ఆ పేజీలు తిప్పేసిన మా స్కూలు టీచరు మీద. అందరికంటే ఎక్కువ నా మీద.

పుండు మానడానికి నెల పైనే పట్టింది. తర్వాత గుడివాడలో ఫిజియోథెరపిస్టు దగ్గర కటి కండరాలు వదులు చేసే ఎక్సర్‌సైజులు, ఊపిరి తీసే పద్ధతి నేర్చుకున్నాను. మొదట్లో ఆ మాటలు వినడానికే నాకు వెగటుగా ఉండేది. రెండుసార్లు బస్సు ఎక్కకుండా స్టాండులోంచే తిరిగి వచ్చేశాను. మూడోసారి బావే వ్యానులో దింపి, బయట కూర్చున్నాడు.

డాక్టరమ్మ దగ్గరికీ వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, "అసలీ కలవడం లేకపోతే ఏమవుద్దండీ?" అని అడిగాడు.

"ఏమీ అవదు. లేకపోయినా బతుకుతారు" అన్నారావిడ. "ఇష్టంగా ఉంటే మాత్రం మేలే. ఒత్తిడి తగ్గుతుంది, ఒంట్లో ఊరే ఎండార్ఫిన్స్ అనే రసాయనాల వల్ల చిన్నాచితకా నొప్పులు సర్దుకుంటాయి, చాలామందికి నిద్ర బాగా పడుతుంది. అలాగని బీపీ మందు మానెయ్యకండి, ఇది దానికి బదులు కాదు. బలవంతంగా జరిగితే ఈ లాభాల్లో ఒక్కటీ రాదు. ఆవిడ ఆగమంటే ఆగాలి."

"నన్ను ఎప్పుడూ ఆగమన్లేదండీ" అన్నాడు బావ.

నిజమే. అనలేదు. పళ్ళు బిగపట్టుకోవడం తెలుసు, తర్వాత కడుక్కోవడం తెలుసు. మధ్యలో నోరు తెరవడం మాత్రం తెలియదు.

మూడు నెలల తర్వాత ఒకసారి నొప్పి తగిలింది. "ఆగు బావా" అన్నాను. ఆగాడు. మంచినీళ్ళు తెచ్చిచ్చి పక్కన కూర్చుని, చెరువుల దగ్గర రొయ్య ధర పడిపోయిన సంగతి చెప్పాడు. పన్నెండేళ్ళలో మొగుడి పక్కన నాకు భయం వెయ్యని మొదటి రోజు అది. దాని తర్వాతే మిగతాదంతా మెల్లగా దారికొచ్చింది.

ఇప్పుడు నిద్ర పడుతోంది. తలనొప్పి లేదు. బీపీ మాత్ర ఒకటి వేసుకుంటున్నాను. దివిసీమ లోడ్లు ఇప్పుడు వేరే డ్రైవరు చూసుకుంటున్నాడు. అసహ్యం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, అప్పుడప్పుడు లేచి కడుక్కోవాలని చెయ్యి లాగుతుంది. అప్పుడు బావకి చెప్తాను. "పడుకోవే" అంటాడు. పడుకుంటాను.

ఆడవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. వాసన మారినా, మంట పుట్టినా కడిగి దాచకండి, డాక్టరుకి చూపించుకోండి. పైపైన మామూలు నీళ్ళు చాలు, లోపలికి ఏదీ పొయ్యొద్దు. ఏం పోశారో అడిగితే, ఎంత సిగ్గయినా దాని పేరు చెప్పండి. నాలాగా నీళ్ళే అని చెప్తే, ఆ మంటతో ఇంటికి నడిచి వెళ్ళాల్సింది మీరే, డాక్టరు కాదు.