ముందు చెప్పాల్సిన మాట

నా చిన్నప్పుడు మా నాయనమ్మకు ఏ మాటా చివరిదాకా వినే ఓపిక ఉండేది కాదు. "మీ అబ్బాయి..." అని ఎవరైనా మొదలుపెడితే చాలు, ఆ అబ్బాయి అన్నం తిన్నాడో, అల్లరి చేశాడో తెలిసేలోపే గుమ్మంలో వెల్లకిలా పడిపోయేది. తాతయ్య పోయిన కబురు "మీ ఆయన..." అనే మొదలైందట. అప్పటినుంచి ఇదే వరస. ఆవిడ పడితే అనకాపల్లి మొత్తం పెంకులు కదులుతాయని నేను బడిలో చెప్పేవాణ్ణి. ఇంకోసారి పడితే లేవదని వైద్యుడు మాత్రం నవ్వకుండా చెప్పాడు.

అవి బెల్లం వండే రోజులు. ఇంటిల్లిపాదీ నిలబడే నిద్రపోతున్నాం. మా ఎద్దులు కూడా గురక పెట్టేవి. యుద్ధం మూలాన కిరసనాయిలు దొరక్క, చీడికాడ నుంచి లాంతరు లేకుండానే బెల్లం బండి తోలుకొస్తున్న మా చిన్నాన్న, తెల్లవారుజామున కునుకు తీశాడు. బండి గోతిలో పడింది. కాలు విరిగింది. కట్టు కట్టించామని, గంజి తాగాడని, అటునుంచి వచ్చిన మనిషి వీధి మొదట్లోనే నాకూ, గిన్నెలకు కళాయి పూసే పక్కింటి సాయిబు మామకూ చెప్పాడు.

"నాయనమ్మా, చిన్నాన్న బండి..." అని అరవడానికి పరుగెత్తాను. మామ వెనకనుంచి వచ్చి నా నోరు మూసేశాడు. ఆ చేతికంటిన కళాయి నవాసారం ఘాటు ఇప్పటికీ నా ముక్కులో కాపురం ఉంది.

"బాగున్నాడప్పా నీ కొడుకు!" అన్నాడు మామ గుమ్మంలోంచే. "గంజి తాగేడు, ఉప్పు సాల్లేదని తిట్టేడంట కూడాను. కాలు ఇరిగింది. బండి గోతిలో పడింది."

నాయనమ్మ గోడ పట్టుకుంది. పడలేదు.

"ఉప్పు సాల్లేదన్నాడా ఎదవ?" అంటూ చెంగు బిగించి, బండి కట్టమంది.

తరవాత మామనడిగాను. "అదేటి మామా, ముందు పడింది బండి కదా? ఎనకనుంచి సెప్పేవేటి?"

"ఆవిడికి బండితో ఏటి పనిరా? ముందొచ్చిన మాటే మనిషిని పట్టుకుంటాది. అది గట్టిదైతే మిగతాయన్నీ ఎలాగో మోసేత్తాది."

చాలా ఏళ్లకి, ఓ సాయంత్రం పాయకరావుపేట నుంచి ఇంటికొచ్చేసరికి, ముసలి మామ మా మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. "బాగుందిరా" అంటాడని ఎదురుచూశాను.

"మీ నాయనమ్మ..." అన్నాడు.

ఆ తరవాతి మాటలు నేను వినలేదు.

ఇప్పుడు ఊళ్లో కబుర్లు మోసే వంతు నాది. అలిసిపోయాను. గుమ్మం ఎక్కేముందు, ముందు పెట్టదగ్గ మాట కోసం వెతుక్కుంటాను. ఒక్కటీ దొరకనినాడు, ఏమీ అనకుండా వాళ్ల మెట్టుమీద కూర్చుంటాను.