అరకు కొండల్లో ఒక మట్టిగోడ ప్రార్థన

పదకొండేళ్ల కిందట ఇదే పత్రికలో అరకు కొండల మీద నేనొక యాత్రా వ్యాసం రాశాను. అందులో జలపాతాలున్నాయి, పచ్చగా విరగబూసిన వలిసె పొలాలున్నాయి. "పాత ఆచారాల్లోకి జారిపోయిన ఒక కొండ స్త్రీ" గురించి నాలుగు పంక్తులు కూడా ఉన్నాయి. ఆమె ప్రార్థన గది గోడ నిండా ఎర్రమట్టితో చేతి గుర్తులు వేసిందని, అందుకు సంఘం ఆమెను వెలివేసిందని రాశాను. రాయనిది ఒకటుంది. ఆ గుర్తులన్నీ ఆమెవి కావు. తలుపు పక్కన, కాస్త ఎత్తులో ఉన్న నాలుగు గుర్తులు నావి.

అప్పుడు నేను ఆ గూడెంలో బడి పంతుల్ని. ఆదివారం ప్రార్థన కూడా నేనే నడిపేవాణ్ణి. గూడెం పేరు ఇక్కడ రాయను. దాన్ని ఒకసారి పత్రికకెక్కించి చేసిన చెరుపు చాలు. ఆమె పేరు గురుబారి. అప్పటికి యాభై దాటిన విధవరాలు. చదువు రాదు. పాట పాడితే ఎవరితోనూ కలిసేది కాదు. ప్రార్థన చెప్పమంటే రెండు మాటలకే ఆగిపోయేది. ఆ కొండల్లో ఆడవాళ్లు పంట ఇంటికి వచ్చే ముందు గోడలు అలికి, తడి ఆరకముందే అరచెయ్యి అద్దుతారు. అది ఇంటి దేవత కోసం. బాప్తిస్మం తీసుకున్నాక గురుబారి దేవతను మానేసింది గాని ఆ పని మానలేదు. ప్రతి శనివారం ప్రార్థన గది లోపలి గోడ ఒక మూర మేర అలికేది. మట్టిలో పసుపు ఆకు దంచి కలిపేది. కళ్లు మూసుకుని తడిగోడకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడేది.

ఒకసారి అడిగాను, ఇది ఎవరికని.

"మీకు దేముడు పుస్తకంలోంచి వత్తాడు బాబూ," అంది. "నాకు సేతిలోంచి వత్తాడు. మట్టి సల్లగుంటాది, ఆకు వాసనేత్తాది. అప్పుడాయన ఉన్నట్టు తెలస్తాది."

ఆ ఏడు వానాకాలంలో నా కూతురికి కొండజ్వరం వచ్చింది. నాలుగు రోజులు కళ్లు తెరవలేదు. రోజూ వేకువనే ప్రార్థన గదికి వెళ్లి మోకరిల్లేవాణ్ణి. ఎన్నో ఏళ్లుగా ఇతరుల కోసం చెప్పిన మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. మూలన గురుబారి మట్టిచట్టి ఉంది. ఏమనుకున్నానో తెలియదు, చెయ్యి ముంచి గోడకు ఆనించాను. చల్లదనం మోచేతి దాకా పాకింది. జీవితంలో మొదటిసారి అవతల ఎవరో వింటున్నారనిపించింది. నాలుగు ఉదయాలు, నాలుగు గుర్తులు. పిల్ల బతికింది. గోడ వల్ల అనను, మింగించిన కొయినా మందు వల్ల కాదనీ అనను.

మూడు వారాలకు తనిఖీకి మిషను దొరగారు వచ్చారు. గోడ చూసి, "ఇవి కొండదేవత కోసమేనా?" అని నన్నే అడిగారు. గురుబారి అక్కడే ఉంది. నేను నేలవైపు చూశాను. నా ఉద్యోగం, నా జీతం, నా పిల్ల కళ్ల ముందు మెదిలాయి. నేను ఊరుకోవడమే జవాబైపోయింది.

ఈ జనవరిలో ఆ గూడెం నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది దానియేలు, ఇప్పుడక్కడ పంతులు, పాతికేళ్లవాడు. "గురుబారికి దగ్గు ముదిరింది. ఆమె పోతే సంఘం శ్మశానంలో చోటు లేదంటున్నారు. దేవతను వదిలింది గనుక ఊరివాళ్లూ ముట్టుకోమంటున్నారు. అప్పటి సంగతి తెలిసినవారు మీరొక్కరే," అని రాశాడు. దొరగారు ఎప్పుడో సీమకు వెళ్లిపోయారు. ఉత్తరాన్ని పది రోజులు జేబులో పెట్టుకు తిరిగి, సెలవు పెట్టాను.

గురువారం ఉదయం ఏడింటికి అనకాపల్లిలో పాసింజరు ఎక్కాను. పదకొండున్నరకు విజయనగరం. స్టేషను బయట పూటకూళ్లింట్లో భోంచేశాను. ఒంటిగంటకు శృంగవరపుకోట మోటారు బస్సు దొరికింది. వెళ్లదలచినవారు ముందు సీటు అడగండి. వెనక కూర్చుంటే దుమ్మంతా మనదే. నా పక్కన ఒక ముసలమ్మ అడ్డపొగ పీలుస్తూ, అంటే చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని, నన్నే చూస్తూ కూర్చుంది.

"ఏటి బాబూ, పరీచ్చకెళ్తన్న గుంటడినాగున్నావు?" అంది చివరికి.

"పరీక్షలాంటిదే అమ్మా."

"ఈ వయసులోనా? అయితే తప్పిపోయినోడివే," అని నవ్వి, చుట్ట మళ్లీ నోట్లో తిప్పుకుంది.

శృంగవరపుకోటలో దిగి, అక్కణ్ణుంచి ఎద్దుబండి కట్టించుకుని పొద్దు గూకే ముందు కొండ కింది కాశీపురం చేరాను. దక్షిణపు మన్యంలో పితూరీ, అంటే తిరుగుబాటు, అణగి రెండేళ్లయినా ఘాటీ దారి మొదట్లో పోలీసులు ఇంకా ప్రతివాణ్ణీ ఆపుతున్నారు. జవాను నా సంచి విప్పి, బైబిలు తిరగేసి, "పైన ఏటి పని?" అన్నాడు. బడి తనిఖీకి అన్నాను. అడగంగానే అబద్ధం అంత తేలికగా వచ్చింది. నేను వచ్చిన పనికి ఇలాంటి నోరు పనికొస్తుందా అని భయం పట్టుకుంది.

శుక్రవారం ఆరింటికి ఘాటీ ఎక్కడం మొదలుపెట్టాను. ఒంటరిగా వెళ్లవద్దు, వీపున ఉప్పు సంచులు మోసే పెరిక ఎద్దుల వెంట పడితే దారీ తోడూ దొరుకుతాయి. నాకు దొరికిన పెరికవాడు అప్పలస్వామి, ఇరవై ఎద్దుల ఆసామి.

"మాస్టారూ, నా ఎద్దులే నయం," అన్నాడు రెండో మలుపులోనే. "ఉప్పు మోత్తన్నా ఇలా రొప్పవు."

తొమ్మిది దాటాక ఒక మలుపు దగ్గర ఎండుకొమ్మల కుప్ప కనిపించింది. ఆ దారిన పోయే ప్రతివాడూ ఒక ఆకుకొమ్మ విరిచి కుప్ప మీద వేసి కొండ అమ్మవారికి దణ్ణం పెడతాడు. అప్పలస్వామి కొమ్మ విరిచి, వేసే ముందు ఆకు నలిపి గట్టిగా వాసన చూశాడు.

"వాసన చూడకపోతే అమ్మవారికి అందదా?" అన్నాను.

"అమ్మోరికి అందుతాదో నేదో నాకేటి తెలుసు? వాసన సూత్తే నాకు అందుతాది." కొమ్మ వేసి ఎద్దులను అదిలించాడు.

పదకొండేళ్ల కిందట అయితే దీన్ని అజ్ఞానమని రాసి ఉండేవాణ్ణి. ఆ రోజు మాత్రం చాలా దూరం మాట్లాడకుండా నడిచాను. ఐదింటికి అనంతగిరి. అధికారుల బంగళా మనబోటివారికి ఇవ్వరు. ఎద్దులవాళ్ల పాకలో చోటిచ్చారు, చోడి అంబలి, అంటే రాగి జావ, పోశారు. కంబళి తప్పనిసరి. నీళ్లు కాచుకోండి. కొయినా మరవద్దు.

శనివారం మూడు గంటలకు గూడెం చేరాను. అప్పలస్వామి సోమవారపు సంతలో కలుస్తానని దారిలోనే విడిపోయాడు. ప్రార్థన గది అదే, కాని లోపల గోడలన్నిటికీ సున్నం కొట్టేశారు. ఒక్క గుర్తు కూడా మిగల్లేదు. ఇక ఆ సంగతికి సాక్ష్యం నా మాట ఒక్కటే.

గురుబారి బయట చూరు కింద కూర్చుని ఉంది. పదకొండేళ్లుగా ఆదివారాలు అక్కడే కూర్చుని లోపలి పాటలు వింటోందట. ఎవరూ ఆమె కంచం పక్కన కంచం పెట్టుకోరు. మనిషి సగమైపోయింది. నన్ను గుర్తుపట్టడానికి కొంత సేపు పట్టింది.

"మాస్టారా? మీ గుంట బాగుందా?"

"బాగుంది. పెళ్లయింది. ఇద్దరు పిల్లలు."

"బతికింది. అంతే సాలు." దగ్గు ఆగాక అంది: "పెద్ద సేతులు మీవని నాను ఎవులికీ సెప్పనేదు బాబూ. మీ గుంట జబ్బు మీది. అది సెప్పుకోడానికి నాది కాదు గదా."

రేపు సంఘం ముందు అంతా చెప్పేస్తానని అన్నాను. ఆమె తల ఊపింది.

చెప్పలేదు. ఆదివారం పదింటికి గది నిండింది. సంఘపెద్ద పౌలు కొండమనిషి, గురుబారి ఈడువాడు. ఆరాధన అయ్యాక లేచి, "మాస్టారు ఏటో సెప్తారంట," అన్నాడు. నేను లేచాను. నలభై ముఖాలు నావైపు తిరిగాయి. అందులో సగం మందికి అక్షరాలు దిద్దించింది నేను. వాళ్ల ముందు నా నోరు ఇలా అంది: "గురుబారి పెద్దదైపోయింది. జరిగింది జరిగింది. ప్రేమతో క్షమించి లోపలికి చేర్చుకోండి."

వినడానికి మంచి మాటే. పౌలు వెంటనే ఒప్పుకున్నాడు. "తప్పు ఒప్పుకుంతే ఇప్పుడే సేర్చుకుంతాం."

గుమ్మం బయటి నుంచి ఆమె గొంతు వచ్చింది. "నాను ఏటి ఒప్పుకోవాల?"

అందరూ నన్ను చూశారు. నేను పాటల పుస్తకం తిరగేశాను. ఆమె కర్ర ఊతంగా లేచి వెళ్లిపోయింది. వెలి అలాగే ఉంది. పైగా ఇప్పుడు, దయ చూపినా వద్దన్న మొండి మనిషి అన్న పేరు కూడా వచ్చింది. మధ్యాహ్నం దానియేలు నా ముందు అన్నం పెట్టి, కూర్చోకుండానే అన్నాడు: "మీరొస్తే తీరుతుందనుకున్నాను మాస్టారూ. మీరు రాకముందే నయంగా ఉంది."

సోమవారం ఆరింటికి తిరుగు ప్రయాణం. మంచు విడవలేదు. నా ముందూ వెనకా గూడెం మనుషులే కావళ్లతో, గంపలతో సంతకు నడుస్తున్నారు. ఎవరూ నాతో మాట కలపలేదు. ఎనిమిదిన్నరకు సంత చేరాను. గురుబారి తెల్లవారకముందే ఎవరి కావిట్లోనో గంప వేయించుకుని వచ్చి కూర్చుంది. అలుకుడు మట్టి అమ్మడమే ఆమె బతుకుతెరువు: తెలుపు, పసుపు, ఎరుపు గడ్డలు. కొనే ఆడవాళ్లు వేలు తడిచేసి గడ్డ మీద రుద్ది, మణికట్టు మీద గీసుకుని రంగు చూసుకుంటున్నారు, వాసన చూస్తున్నారు. నాలుగు బారల దూరంలో పౌలు అల్లం కుప్ప పోసుకుని కూర్చున్నాడు.

"బేగి రండి మాస్టారూ," అప్పలస్వామి అవతలి నుంచి కేకేశాడు. "ఎండెక్కితే ఎద్దులు దిగవు."

ఆమెను దాటి పది అడుగులు వేశాను. పదకొండేళ్ల కిందట కూడా ఇంత తేలికగానే దాటిపోయాను. వెనక్కి వచ్చి, పౌలును పేరు పెట్టి పిలిచి, సంతలో అందరికీ వినబడేలా ఆమెకు చెప్పవలసింది చెప్పాను.

బేరాలు ఆగాయి. వెనక ఎవరో నవ్వారు. పౌలు లేచి వచ్చి నా చేతుల వంక చూశాడు. "పంతులివి, ఆ సేతులు నువ్వేసినావా?" అన్నాడు. వేశానన్నాను. "మరి దొర అడిగితే?" ఊరుకున్నానన్నాను. "నిన్న?" నిన్న కూడా ఊరుకున్నానన్నాను.

గురుబారి మట్టి కొంటున్నామెను ఆగమని, పౌలు వైపు తిరిగింది. "ఇప్పుడు సెప్పు పౌలూ. నాను ఏటి ఒప్పుకోవాల?"

పౌలు వెళ్లి తన అడ్డాకుల అన్నం పొట్లం తెచ్చి విప్పి, చోడిముద్ద రెండు చేసి, సగం ఆమె ముందు పెట్టి, మిగతా సగంతో పక్కనే కూలబడ్డాడు. "తిను. వచ్చే ఆదివారం లోపల కూకో," అన్నాడు. ఆమె వెంటనే ముట్టుకోలేదు. చేతికి మట్టి ఉందని వాగుకు వెళ్లి కడుక్కుని వచ్చి, అప్పుడు తింది. నన్ను క్షమించానని అనలేదు. నేను వెళ్లేటప్పుడు, "గుంటని అడిగినానని సెప్పండి," అంది, అంతే.

ఆ రాత్రి అనంతగిరిలో పడుకుని, మంగళవారం సాయంత్రానికి కాశీపురం దిగాను. బుధవారం మధ్యాహ్నం విజయనగరంలో రెండింటి రైలు ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని, దేవుడి దగ్గరికి మనుషులు ఎన్ని దారుల్లో వెళ్తారో అని ఆలోచిస్తూ వచ్చాను. ముప్పై ఏళ్లుగా ఒక్క దారే చూపించాను. అది తప్పు దారి కాదు. కాని చేత్తో తడిమి తెలుసుకున్న ఆమెను, ఆకు నలిపి వాసన చూసినవాణ్ణి అటు వెళ్లవద్దని ఆపే అధికారం నాకెవరూ ఇవ్వలేదు. ఈ వ్యాసం అచ్చయితే నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఆ భయం ఇంకా ఉంది.

పాత వ్యాసంలో మాటలు నా వీలుకు మార్చి రాశాను. సంతలో ఆమెతో అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే రాస్తున్నాను:

"గురుబారమ్మా, నువ్వు వేసినవి దేవుడి కోసమని నాకు తెలుసు. అందులో నాలుగు నేను వేశాను, నా పిల్ల కోసం. దొర అడిగినప్పుడు భయపడి ఊరుకున్నాను. నిన్ను వెలేయించింది నేను. నిన్న నిన్నే క్షమించమని చెప్పి రెండోసారి తప్పు చేశాను. నువ్వు ఒప్పుకోవలసింది ఏమీ లేదు. తప్పు నాది. నన్ను క్షమించు."