కోంటా దారిలో కొయినా బిళ్ళలు

జ్వరాన్ని చూడడానికి ప్రయాణం కట్టినవాళ్ళు లోకంలో మేమిద్దరమే అయి ఉంటాం. నేనూ, నా స్నేహితుడు రంగారావూ విశాఖపట్నంలో వైద్యం చదువుతున్నాం. మలేరియా వల్ల పెరిగిన ప్లీహం ఎలా ఉంటుందో తెలియాలంటే బస్తరు సంస్థానం పొలిమేరల్లో తిరిగి రమ్మన్నారు మా గురువుగారు. సెలవులివ్వగానే బయల్దేరాం. యుద్ధం మూలంగా మలేరియాకు వాడే కొయినా దొరకడం గగనమైపోయిన రోజులవి. వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి కొన్ని బిళ్ళలు సంపాదించి రేకుడబ్బాలో వేసుకున్నాం.

రాజమండ్రిలో తెల్లవారుజామున లాంచీ ఎక్కితే మర్నాటికి కూనవరం చేరతారు. టిక్కెట్టు రెండు రూపాయల లోపే. కొండల మధ్య చలిగాలి కోసేస్తుంది, దుప్పటి మరవకండి. కూనవరం పూటకూళ్ళమ్మ వంకాయ పులుసు ఎంత బాగుందంటే, రంగారావు అక్కడే ప్రాక్టీసు పెడతానన్నాడు. అక్కణ్ణుంచి శబరి ఒడ్డున కోంటా దాకా ఎడ్లబండి. గడ్డి ఖర్చు మనదే, బేరమప్పుడే తేల్చుకోవాలి. మా బండి తోలే సోమయ్యకు తెలుగూ, అక్కడి దోర్ల గిరిజనుల భాష దోర్లీ రెండూ వచ్చు. మేమెందుకు వచ్చామో విని చాలాసేపు నవ్వాడు.

"ఏంది బాబూ, జరం సూడ్డానికి ఇంత దూరమొచ్చిండ్రా? మా కాడికి అది పిలవకుండనే వస్తది," అన్నాడు.

కోంటా దాటి సుక్మా దారిలో, మధ్యాహ్నానికి ఒక దోర్ల పల్లెలో ఆగాం. అక్కడ చంటిపిల్ల తల్లి ముత్తమ్మకు రోజు విడిచి రోజు చలిజ్వరం. మనిషి చిక్కి సగమైంది, పాలు ఎండిపోతున్నాయి. ఆమెకు పూర్తి మోతాదు లెక్కగట్టి పొట్లం ఇచ్చాం. ఎలా వేసుకోవాలో సోమయ్య దోర్లీలో రెండుసార్లు చెప్పాడు. ఒక ప్రాణం నిలబెట్టామన్న సంతోషంతో సుక్మా వైపు సాగిపోయాం.

తిరుగు ప్రయాణంలో అదే పల్లెలో దిగేసరికి ముత్తమ్మ గోనెపట్టా కప్పుకుని వణుకుతోంది. పిల్ల పాలు రాక ఏడుస్తోంది. పొట్లం మొదటి సాయంత్రమే అయిపోయిందట. ఆ ఊళ్ళో వేటమాంసమైనా, తేనె అయినా ఏది వచ్చినా గడపగడపకూ పంచాల్సిందే. మా బిళ్ళలూ అలాగే ఇంటికొకటి చొప్పున పంచారు. పొరుగింటి సింగమ్మ కూడా ఒకటి మింగిందట, ఆమెకూ జ్వరం తగ్గలేదు.

"జరం ఊరందరికీ ఉన్నది బాబూ. ముత్తమ్మ ఒక్కతే తింటే రేపు తక్కినోళ్ల మొకం ఎట్ల సూస్తది?" అన్నాడు ఊరి పటేలు.

రంగారావుకు ఒళ్ళు మండిపోయింది. అలా ఒక్కొక్కటీ పంచుకుంటే ఎవరికీ నయం కాదని, ఒక మనిషి మందు ఆ మనిషే మింగాలని గట్టిగా చెప్పాడు. పటేలు అంతా ఓపిగ్గా విన్నాడు.

"అట్లయితే ఎవలికియ్యాల్నో మీరే సెప్పండి," అన్నాడు.

డబ్బాలో మిగిలినవి ఒక్కరికే సరిపోతాయి. మా ఆసుపత్రి వార్డులో నేనెన్నడూ ఈ ప్రశ్న ఎదుర్కోలేదు. మంచం మీద రోగి, పక్కన మందు, అంతే. అక్కడ మాత్రం ఊరంతా నా నోటివైపు చూస్తోంది. నాకు భయం వేసింది. పిల్ల మొహం చూసి ముత్తమ్మ పేరు చెప్పాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. మోతాదు పూర్తయ్యేదాకా అక్కడే ఉండి ప్రతి బిళ్ళా నా చేత్తోనే ఆమె నోట్లో వేశాను. నీళ్ళు పోసింది సింగమ్మ. చలికి చేతులు వణికి సగం నీళ్ళు ఒలికిపోతే, మళ్ళీ ముంచి పోసింది. మేం బయల్దేరే నాటికి ముత్తమ్మ లేచి కూర్చుని పిల్లకు పాలిస్తోంది. సింగమ్మ గోడకు ఆనుకుని పడుకుని ఉంది.

ఆ పల్లెవాళ్ళు చేసింది పొరపాటని ఇప్పటికీ అంటాను, మేం చదివిన వైద్యం ప్రకారం అది పొరపాటే. అయితే వాళ్ళు ఒక్కరినీ వదల్లేదు. వదిలినవాణ్ణి నేను. మీరూ ఆ వైపు వెళ్ళదలిస్తే దీపావళి దాటాక వెళ్ళండి, వాగులు తగ్గి బండి నడుస్తుంది. మందు మాత్రం ఊరికి చాలినంత పట్టుకెళ్ళండి. అంత దొరక్కపోతే, ఎవరి పేరు చెబుతారో బండి ఎక్కకముందే ఆలోచించుకోండి.